హెల్త్ కార్డు ఉంది సరే, పని తెచ్చిన జబ్బును రాసేదెవరు?

సికింద్రాబాద్‌లో తిరుమలగిరి నుంచి అల్వాల్ దాకా ఏ కాలనీలోకి వెళ్లినా సర్కారు జీతం మీద బతికే ఇళ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒక ఇంట్లో సర్వీసులో ఉన్న హవల్దారు ఉంటాడు. పక్కింటాయన మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్‌లో, అందరూ ఎంఈఎస్ అనే దాంట్లో, పంపు ఆపరేటరు. మేడ మీద లాలాగూడ వర్క్‌షాపు ఫిట్టరు, ఎదురింట్లో ఆర్టీసీ డ్రైవరు, సందు చివర ఒక ప్రభుత్వ ఆఫీసులో కాంట్రాక్టరు కింద ఊడ్చే ఆమె. ఈ ఐదుగురికీ నడుంనొప్పి పట్టుకుందనుకోండి. హవల్దారు మిలిటరీ హాస్పిటల్‌కు వెళ్తాడు, పంపు ఆపరేటరు కేంద్ర ఉద్యోగుల ఆరోగ్య పథకమైన సీజీహెచ్‌ఎస్ వెల్‌నెస్ సెంటర్‌కు, ఫిట్టరు లాలాగూడ రైల్వే ఆసుపత్రికి, డ్రైవరు తార్నాక ఆర్టీసీ ఆసుపత్రికి, ఊడ్చే ఆమె నాచారంలోనో సనత్‌నగర్‌లోనో ఉన్న ఈఎస్‌ఐకి, అంటే కార్మిక బీమా ఆసుపత్రికి వెళ్తారు.

ఐదు చోట్లా ఇచ్చే మాత్రలు దాదాపు ఒకటే. కానీ ఆ నొప్పి ఉద్యోగం వల్లే వచ్చిందని తేలితే కథ మారిపోతుంది. ఉద్యోగం ఉంటుందా, జీతం తగ్గుతుందా, పెన్షన్ పెరుగుతుందా, నష్టపరిహారం వస్తుందా అన్నవి ఐదుగురికీ ఐదు రకాలుగా ఉంటాయి. ఎవరు ఏ చట్టం కిందికి వస్తారో యూనియన్ ఆఫీసుల్లో కూడా స్పష్టంగా చెప్పేవాళ్లు తక్కువ. ఆ చిక్కుముడిని విప్పడానికే ఈ వ్యాసం.

హెల్త్ కార్డు అనేది జబ్బు పడ్డాక ఖర్చు చూసుకునే ఏర్పాటు. సీజీహెచ్‌ఎస్, రాష్ట్ర ఉద్యోగుల ఆరోగ్య పథకం ఈహెచ్‌ఎస్, మాజీ సైనికులకు 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్, పోలీసుల ఆరోగ్య భద్రత, అన్నీ ఈ కోవలోవే. వృత్తి ఆరోగ్య సేవ చేయాల్సిన పని ఇంకోటి. మనిషి పనిలో చేరిన రోజే ఒళ్లు ఎలా ఉందో కొలిచి రాసిపెట్టాలి. ఆ పనిలో శబ్దం, వేడి, దుమ్ము, రేడియేషన్ ఎంత ఉన్నాయో చూడాలి. కొన్నేళ్లకోసారి మళ్లీ కొలిచి తేడా పట్టుకోవాలి, తేడా కనిపిస్తే ముందు పని పద్ధతి మార్పించాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1985లో తెచ్చిన 161వ ఒప్పందం ఈ సేవలను ప్రధానంగా నివారణ కోసం ఉద్దేశించినవిగానే నిర్వచించింది, ప్రభుత్వ ఉద్యోగులతో సహా పనిచేసే అందరికీ అంచెలంచెలుగా అందించమంది. దాన్ని మన దేశం ఆమోదించలేదు. కాబట్టి ఇక్కడ అందరికీ ఒకే గొడుగు లేదు. శాఖ శాఖకీ ఎవరి పద్ధతి వాళ్లది.

ఆఫీసు గుమాస్తాకు లేనిది, ఊడ్చే ఆమెకు ఉన్నది

ఫ్యాక్టరీల చట్టం 1948లో వచ్చింది. భోపాల్ విషవాయువు ఘటన తర్వాత 1987లో దానికి ప్రమాదకర ప్రక్రియల అధ్యాయం చేర్చారు. అలాంటి పనిలో పెట్టేముందు వైద్యపరీక్ష చేయాలి, పనిలో ఉన్నంతకాలం ఏడాదికి ఒకసారైనా చేయాలి, రికార్డు దాచాలి, కార్మికుడు అడిగితే చూపించాలి అని అది చెప్పేది. ప్రభుత్వ ఫ్యాక్టరీలకూ ఈ చట్టం వర్తించేది. మన చుట్టూ అలాంటివి తక్కువేం కాదు: కంచన్‌బాగ్‌లో క్షిపణులు చేసే బీడీఎల్, ప్రత్యేక లోహాలు చేసే మిధాని, ఎద్దుమైలారంలో సైన్యం సాయుధ వాహనాలకు సంబంధించిన ఫ్యాక్టరీ. వీటిలో పనిచేసే వైద్యాధికారికి ఎంబీబీఎస్ ఒక్కటే సరిపోదు, పారిశ్రామిక ఆరోగ్యంలో శిక్షణ కావాలి. ఏఎఫ్‌ఐహెచ్ అనే 3 నెలల కోర్సు అందుకోసమే ఉంది.

ఇప్పుడు ఆ పాత చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020 వచ్చింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. మారే కాలంలో పాత నిబంధనల్లో సంబంధించినవి నడుస్తూ ఉంటాయి. ఉద్యోగులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష అన్న మాట అందరికీ తెలిసింది ఈ కోడ్ వల్లే. అయితే దాని మొదటి సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది: కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలకు ఈ కోడ్ వర్తించదు. సాయుధ దళాల సభ్యులు అందులోని ఉద్యోగి నిర్వచనంలోకే రారు. కానీ అదే ప్రభుత్వ కార్యాలయంలో కాంట్రాక్టరు ద్వారా పనిచేసేవాళ్లకు మాత్రం వర్తిస్తుంది.

అంటే ఒకే గదిలో కూర్చుని ఫైళ్లు చూసే పర్మనెంట్ ఉద్యోగికి ఈ చట్టం రక్షణ లేదు, ఆ గది ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలికి ఉంది. కాగితం మీద ఆమెకు హక్కు ఎక్కువ. ఆ సంగతి ఆమెకు చెప్పినవాళ్లు మాత్రం ఎవరూ ఉండరు. ఆమె తరఫున అడగాల్సింది కాంట్రాక్టరును ఒక్కణ్నే కాదు, ప్రధాన యజమాని అయిన ఆ శాఖను కూడా.

ఈఎస్‌ఐ సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. నెల వేతనం 21,000 రూపాయల లోపు ఉన్నవాళ్లకు అది వర్తిస్తుంది. జీతంలో 0.75 శాతం ఉద్యోగి వాటా, 3.25 శాతం యజమాని వాటా. పనిలో గాయపడినా, జాబితాలో ఉన్న వృత్తి వ్యాధి వచ్చినా సెలవు కాలానికి నగదు, శాశ్వత వైకల్యానికి నెలనెలా భృతి ఇస్తారు. చాలామంది ఈఎస్‌ఐని మందుల దుకాణంలాగే వాడుకుంటారు, ఈ రెండో భాగాన్ని అడగరు. డాక్టరు చీటీలో పని గాయం అని రాయించకపోతే అది మామూలు జబ్బుగా లెక్కలోకి వెళ్తుంది. అప్పుడు భృతి దారి మూసుకుపోయినట్టే.

మ్యాన్‌హోల్ పనుల దగ్గర మాత్రం మెల్లగా చెప్పడానికి ఏమీ లేదు. మనిషిని దించకూడదని 2013 చట్టం ఉంది. 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు మురుగు కాల్వలో చనిపోతే 30 లక్షలు, శాశ్వత వైకల్యం వస్తే కనీసం 20 లక్షల పరిహారం ఇవ్వాలని చెప్పింది. విషవాయువు మనిషిని నిమిషాల్లో తీసుకుపోయే చోట వైద్యపరీక్ష చేసి పంపినా ప్రయోజనం లేదు. అక్కడ చేయాల్సింది ఒక్కటే, దించకపోవడం.

సైన్యంలో లెక్క వేరు

మిలిటరీలో డాక్టరు ఉద్యోగం మొదటినుంచీ నివారణ చుట్టూనే తిరుగుతుంది. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని పట్టుకున్న రొనాల్డ్ రాస్ ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో ఉన్న సైనిక వైద్యుడే. దండులో ఎంతమంది జ్వరంతో పడుకున్నారన్నది అప్పట్లో సేనాపతికి తుపాకుల లెక్కంత ముఖ్యం. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. వంటశాల, నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్లు, దోమలు అన్నీ యూనిట్ డాక్టరు చూడాల్సినవే.

జవాన్ల ఆరోగ్యాన్ని షేప్ అనే పద్ధతిలో కొలుస్తారు. ఇంగ్లిష్ అక్షరాల్లో 'ఎస్' మానసిక స్థితికి, 'హెచ్' వినికిడికి, 'ఏ' కాళ్లూ చేతులకు, 'పీ' మొత్తం శారీరక సామర్థ్యానికి, 'ఈ' కంటిచూపుకు. ప్రతిదానికీ 1 నుంచి 5 దాకా అంకె. అన్నింటిలోనూ 1 ఉంటే షేప్ వన్, పూర్తి ఫిట్. అంకె పెరిగితే లో మెడికల్ కేటగిరీ. అప్పుడు ఏ డ్యూటీ చేయకూడదో, ఏ ఎత్తు ప్రాంతానికి పంపకూడదో రాస్తారు, కొంతకాలానికి మళ్లీ బోర్డు ముందుకు పిలుస్తారు.

ఇంత పకడ్బందీ పద్ధతిలో ఒక నొప్పి ఉంది. కేటగిరీ పడితే ప్రమోషన్, పోస్టింగ్, కోర్సులు అన్నీ ప్రభావితమవుతాయి. అందుకే మోకాలి నొప్పిని, చెవిలో గుయ్యిమనే శబ్దాన్ని, రాత్రి నిద్రపట్టకపోవడాన్ని చాలామంది చెప్పకుండా నెట్టుకొస్తారు. తీరా సర్వీసు చివర్లో చెబితే, ఇన్నేళ్లూ రికార్డులో ఎందుకు లేదు అన్న ప్రశ్న ఎదురవుతుంది. నన్నడిగితే ఈ మొత్తం వ్యవస్థలో అన్నిటికంటే బాధపెట్టే విషయం ఇదే. ఉద్యోగం పోతుందన్న టెన్షన్‌తో దాచిన జబ్బే తర్వాత పెన్షన్‌కు అడ్డం వస్తుంది.

డిజెబిలిటీ పెన్షన్ అంతా ఒక ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది: ఈ వైకల్యం సర్వీసు వల్ల వచ్చిందా, లేదా సర్వీసు వల్ల ముదిరిందా? రెండిట్లో ఏదైనా సరిపోతుంది. మామూలుగా రిటైరై వచ్చేవాళ్లకైతే వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి. 2013లో మూర్ఛ జబ్బుతో ఇంటికి పంపిన ఒక సైనికుడి కేసులో సుప్రీంకోర్టు చాలా స్పష్టంగా చెప్పింది. చేరేటప్పుడు మీరే ఫిట్ అని రాసుకున్నారు, అప్పటి రికార్డులో ఏ జబ్బూ లేదు, కాబట్టి తర్వాత వచ్చింది సర్వీసు వల్లే అని భావించాలి. కాదని రుజువు చేసే బాధ్యత శాఖదే, సైనికుడిది కాదు. 2023 సెప్టెంబర్ 21 నుంచి కొత్త అర్హతా నిబంధనలు వచ్చాయి. బీపీ, షుగర్ వంటివాటిని చూసే తీరు వాటిలో బిగుసుకుంది. అందుకే బయటికి వచ్చే తేదీని బట్టి ఏ నిబంధనలు వర్తిస్తాయో ముందే చూసుకోవాలి.

గాయమైతే ఐఏఎఫ్‌వై-2006 అనే ఇంజూరీ రిపోర్టు ఉంటుంది. ఆట మైదానంలో కాలు మెలికపడినా అది నింపించుకోవాలి. ఆ రోజు డ్యూటీలో ఉన్నాడా లేదా అన్నది కమాండింగ్ ఆఫీసరు అందులో రాస్తారు. రిటైరయ్యేటప్పుడు రిలీజ్ మెడికల్ బోర్డు ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 ఫారంలో అభిప్రాయం రాసేటప్పుడు వెతికేది ఆ పాత కాగితాన్నే.

పంపుహౌస్‌లో ఒక చెవి కథ

ఇప్పుడు ఆ పక్కింటి ఎంఈఎస్ ఉద్యోగి దగ్గరకు వద్దాం. కంటోన్మెంట్‌లో జవాను తాగే నీళ్లు ఎక్కించేది, కరెంటు పోతే డీజిల్ జనరేటరు వేసేది ఇతనే. కానీ ఇతను రక్షణ శాఖలో సివిలియన్. జవానుకు జరిగే వార్షిక పరీక్ష ఇతనికి లేదు. సీజీహెచ్‌ఎస్ కార్డుతో వైద్యం దొరుకుతుంది, అంతే.

జనరేటరు గదిలో శబ్దం 100 డెసిబెల్స్ దాకా వెళ్లడం మామూలే. మన ఫ్యాక్టరీ నిబంధనల్లోని పట్టిక ప్రకారం 90 డెసిబెల్స్ అయితే 8 గంటలు ఉండొచ్చు, 95 అయితే 4 గంటలు, 100 అయితే 2 గంటలే. పవర్‌కట్ల ఎండాకాలంలో ఆ 2 గంటలు ఎప్పుడో దాటిపోతాయి.

మొదట అతను గమనించడు. ఇంట్లోవాళ్లు గమనిస్తారు, టీవీ సౌండు పెంచుతున్నాడని. ఎదురుగా మాట్లాడితే వినపడుతుంది, పెళ్లి పందిట్లో పదిమంది మాట్లాడుకుంటుంటే మాత్రం అర్థం కాదు. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలోనో మరోచోటో ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, తీస్తే ఒక గీతల కాగితం చేతికొస్తుంది. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు. అడ్డంగా 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా అంకెలు, నిలువుగా డెసిబెల్స్. శబ్దం వల్ల పాడైన చెవి అయితే గీత 4000 దగ్గర గుంటలోకి దిగి, 8000 దగ్గర మళ్లీ కాస్త పైకి లేస్తుంది, సాధారణంగా రెండు చెవుల్లోనూ. వయసు వల్ల వచ్చే చెవుడైతే గీత దిగుతూనే పోతుంది, పైకి లేవదు. మొదటి ఏళ్లలో తీసిన కాగితంలో ఈ గుంట స్పష్టంగా కనిపిస్తుంది. యాభై అయిదేళ్లు దాటాక తీస్తే వయసు చెవుడు కూడా వచ్చి కలిసి గుంట పూడుకుపోతుంది. అప్పుడు ఏది దేనివల్లో చెప్పడం ఏ డాక్టరుకైనా కష్టమే.

చేరిన ఏడాదే ఒక ఆడియోగ్రామ్ తీయించి ఉంటే ఈ తగువే ఉండదు. పరీక్షకు ముందు కనీసం 14 గంటలు పెద్ద శబ్దానికి దూరంగా ఉండాలి. డ్యూటీ దిగి నేరుగా వెళ్లి తీయించుకుంటే చెవి అలసట వల్ల తప్పుడు లెక్క వస్తుంది.

చెవుడు పని వల్లే వచ్చిందని రుజువైతే కేంద్ర సివిల్ ఉద్యోగికి ఎక్స్‌ట్రార్డినరీ పెన్షన్ నిబంధనలు ఉన్నాయి, అంటే ఉద్యోగం వల్ల వైకల్యమో మరణమో వస్తే ఇచ్చే ప్రత్యేక పెన్షన్. వాటిలో బీ కేటగిరీ ఇలాంటివాళ్ల కోసమే: ప్రతికూల వాతావరణంలో, వృత్తి ప్రమాదాల మధ్య నిరంతరం పనిచేయడం వల్ల వచ్చిన వ్యాధులు. సీ కేటగిరీ డ్యూటీలో ప్రమాదాలకు. జబ్బుకీ పనికీ సంబంధం లేదని తేలితే 'ఏ' అక్షరం కేటగిరీలో పడేస్తారు, అక్కడ ఈ పెన్షన్ ఉండదు. 2004 నుంచి ఎన్‌పీఎస్‌లో, అంటే పాత పెన్షన్ స్థానంలో వచ్చిన జాతీయ పెన్షన్ పథకంలో, చేరినవాళ్లకు మరణం లేదా వైకల్యం సంభవిస్తే పాత పెన్షన్ నిబంధనల కింద తీసుకుంటారా, ఎన్‌పీఎస్ నిధి నుంచా అని ఆప్షన్ ఫారం ఉంటుంది. సర్వీసు బుక్కులో ఆ ఫారం ఉందో లేదో ఒకసారి తెరిచి చూసుకోవడం మంచిది.

ముందే కొలిచే చోట్లు

పద్ధతి ప్రకారం నడిచే చోట్లూ మన నగరంలోనే ఉన్నాయి. న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో, అలాగే గాంధీ, ఉస్మానియా లాంటి ఆసుపత్రుల ఎక్స్‌రే విభాగాల్లో పనిచేసేవాళ్లు ఛాతీ దగ్గర టీఎల్‌డీ బ్యాడ్జి, అంటే ఒంటికి తగిలిన రేడియేషన్‌ను నమోదు చేసే బిళ్ల, పెట్టుకోవాలి. సీసం ఏప్రాన్ వేసుకుంటే బ్యాడ్జి దాని లోపల ఉండాలి. మూడు నెలలకోసారి దాన్ని లెక్క చూడటానికి పంపుతారు. రేడియేషన్ మోతాదు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు మించకూడదు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. జబ్బు వచ్చిందా అని కాకుండా ఒంటికి ఎంత తగిలిందని కొలవడం, ఆ అంకెను మనిషి పేరు మీద ఏళ్ల తరబడి దాచడం, అసలైన వృత్తి ఆరోగ్య సేవ అంటే ఇదే. అయితే బ్యాడ్జి సొరుగులో పడి ఉంటే అది సొరుగుకు తగిలిన రేడియేషన్‌నే లెక్క చెబుతుంది.

రైల్వేలో లోకో పైలట్లు ఏ-1 వైద్య తరగతి. 45 ఏళ్ల దాకా నాలుగేళ్లకోసారి, 55 దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా పీరియాడికల్ మెడికల్ తప్పదు. చూపులోనో రంగులు గుర్తుపట్టడంలోనో తేడా వస్తే ఇంజన్ నుంచి దించుతారు, కానీ రోడ్డున పడేయరు. వేరే పోస్టు ఇస్తారు. రన్నింగ్ స్టాఫ్‌కు, అంటే రైళ్లు నడిపే సిబ్బందికి, మూల వేతనానికి 30 శాతం కలిపి కొత్త జీతం కడతారు. అయినా రన్నింగ్ అలవెన్స్ పోతుందన్న భయంతో ఇక్కడా దాచేవాళ్లు ఉన్నారు.

ఆర్టీసీ డ్రైవర్లలో మెడికల్ అన్‌ఫిట్ అన్న మాట వింటేనే గుండె జారిపోతుంది. వాళ్లు తెలుసుకోవాల్సిన తీర్పు 2025 ఆగస్టులో వచ్చింది. రంగులు గుర్తించలేడని ఇంటికి పంపిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు కేసులో, ప్రత్యామ్నాయ ఉద్యోగం కోసం సంస్థ నిజంగా ప్రయత్నించలేదని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. అదే జీతంతో తగిన పోస్టు ఇమ్మని, బకాయిల్లో 25 శాతం చెల్లించమని చెప్పింది. 1979 నాటి కార్మిక ఒప్పందంలో ఇలాంటి డ్రైవర్లకు వేరే ఉద్యోగం ఇవ్వాలన్న షరతు ఉంది. ఆ పాత కాగితమే ఇతన్ని కాపాడింది.

దీనికి వెన్నెముకగా 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ఉంది. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ సంస్థ ఆ ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పోస్టుకు పనికిరాకపోతే అదే పేస్కేలుతో మరో పోస్టు ఇవ్వాలి. ఖాళీ లేకపోతే ప్రత్యేకంగా పోస్టు సృష్టించి రిటైరయ్యే దాకా ఉంచాలి. సైన్యంలో యుద్ధ విధుల్లో ఉండేవాళ్లను మాత్రం దీన్నుంచి మినహాయించారు. సివిల్ ఉద్యోగులతో వాలంటరీ రిటైర్‌మెంట్ మీద సంతకం పెట్టించే ప్రయత్నం ఎక్కడైనా జరిగితే, పెన్ను పట్టుకునేముందు ఈ సెక్షన్ గుర్తుకు రావాలి.

రాష్ట్ర ఆఫీసుల్లో, పోలీసు శాఖలో పనిచేసేవాళ్ల పరిస్థితి ఇంత వివరంగా చెప్పుకునేంత లేదు. రీయింబర్స్‌మెంట్‌కు 1972 నాటి ఇంటిగ్రేటెడ్ మెడికల్ అటెండెన్స్ రూల్స్, కార్డుకు ఈహెచ్‌ఎస్. పంజాగుట్ట జంక్షన్‌లో ఏళ్ల తరబడి పొగలో, హారన్లలో నిలబడే ట్రాఫిక్ కానిస్టేబులుకు చేరిన నాటి ఊపిరితిత్తుల పరీక్ష, చెవి పరీక్ష కాగితాలు ఫైలులో ఉండాలి. స్పైరోమెట్రీ, ఆడియోగ్రామ్ రెండూ కలిపి గంటలో అయిపోయే పరీక్షలు. ప్రభుత్వం దగ్గర ఆసుపత్రులూ ఉన్నాయి, డాక్టర్లూ ఉన్నారు. చేయాలన్న ఆదేశం ఒక్కటే కావాలి. ఉద్యోగ సంఘాలు పీఆర్‌సీ, డీఏ అడిగినంత గట్టిగా దీన్ని అడగాలని నా కోరిక.

ఆ ఆదేశం వచ్చేదాకా ఎవరి కాగితం వాళ్లే తయారు చేసుకోవాలి. ఓపీ చీటీ రాసేటప్పుడు డాక్టరు అడగకపోయినా మీరు చేసే పని, ఎన్నేళ్లుగా చేస్తున్నారో చెప్పి, అది చీటీలో రాయమని అడగండి. ప్రమాదం జరిగితే చిన్నదైనా ఆ రోజే పై అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. వాట్సాప్ మెసేజ్ పెట్టినా దాని ప్రింటు దాచుకోండి. మెడికల్ బోర్డు నివేదిక చేతికి ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. ఆసుపత్రిలో మీ కేసు షీటు మీరు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది. రిటైర్‌మెంట్‌కు ఏడాది ముందు వెతకడం మొదలుపెడితే చాలా ఆఫీసుల్లో పాత ఫైళ్లు దొరకవు, వాటిని చూసిన గుమాస్తాలు కూడా అప్పటికి రిటైరైపోయి ఉంటారు.